ప్రత్యక్షపు గుడారపు ఉపకరణాలలో క్రీస్తును ఎంతవరకు చూడవచ్చు?

సండే స్కూల్లో పెద్ద పిల్లలకు నిర్గమకాండము బోధిస్తూ మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ప్రత్యక్షపు గుడారములోని, అంటే ఇశ్రాయేలీయులు అరణ్యంలో వెంట మోసుకెళ్లిన ఆరాధన గుడారములోని, ప్రతి వస్తువూ క్రీస్తుకు సూచనే అని చిన్నప్పటి నుండి వింటున్నాము, అందులో లేఖనం చెప్పినదెంత, బోధకులు చేర్చినదెంత అన్నది మొదటిది. తుమ్మకర్ర ఆయన మానవత్వానికీ, దానిపై తాపిన బంగారు రేకు ఆయన దైవత్వానికీ గుర్తు అని పిల్లలకు చెప్పవచ్చా అన్నది రెండవది. హెబ్రీ పత్రిక 9వ అధ్యాయం పరిశుద్ధ స్థలములోని వస్తువులను చెబుతూ ధూపవేదికను ఎందుకు విడిచిపెట్టింది, సువర్ణ ధూపార్తిని (ధూపం వేసే పాత్రను) తెర లోపలి గది అయిన అతిపరిశుద్ధ స్థలముతో కలిపి ఎందుకు చెప్పింది అన్నది మూడవది. చాలా ఏళ్లుగా పాత నిబంధన బోధిస్తున్నవాడిగా నాకు తెలిసినంత వివరంగా జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక ఉపకరణం దగ్గర యాజకుడు ఏమి చేసేవాడు, ఆ పని వల్ల ఇశ్రాయేలు ప్రజలకు ఏమి జరిగేది అన్నదానిలోనే దాని అర్థం ఉన్నది. కొత్త నిబంధన రచయితలు గుడారాన్ని క్రీస్తుతో ముడిపెట్టిన ప్రతిచోటా ఆ పనినే పట్టుకున్నారు. కర్రనూ లోహాన్నీ నూలు రంగునూ పట్టుకుని వారెక్కడా వాదించలేదు.

నిర్గమకాండము 25 నుండి 31 వరకు ఆజ్ఞగా, 35 నుండి 40 వరకు బెసలేలు, అహోలీయాబుల చేతిపనిగా ఈ వివరాలు రెండుసార్లు వస్తాయి. కొలతలను, లోహాలను, నీల ధూమ్ర రక్తవర్ణాల నూలును అంత విస్తారంగా వర్ణించిన ఆ గ్రంథం ఒక్క రంగుకైనా ఒక్క లోహానికైనా భావార్థం చెప్పదు. హెబ్రీ పత్రిక రచయిత ఈ గుడారము పరలోక విషయాలకు ఛాయ అని 8:5లో స్పష్టంగా చెప్పినవాడే. అయినా ఉపకరణాలను వరుసగా పేర్కొంటూ కెరూబుల (రెక్కలు గల పరలోక జీవుల) దగ్గరకు వచ్చేసరికి, వీటిని గూర్చి ఇప్పుడు వివరంగా చెప్పడానికి వీలులేదని 9:5లో ఆగిపోతాడు. ఆగి, వెంటనే యాజకుల నిత్యసేవ దగ్గరికీ, ప్రధాన యాజకుడు సంవత్సరానికి ఒక్కసారి లోపలికి ప్రవేశించే దినం దగ్గరికీ వెళ్తాడు. గుడారాన్ని గూర్చి ప్రసంగించే మనమంతా ఆ వచనం దగ్గర కొంచెం ఆగాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నిర్గమకాండములోని వర్ణన అన్నిటికంటే లోపల ఉండే మందసముతో మొదలవుతుంది కాబట్టి నేనూ అక్కడి నుండే మొదలుపెడతాను. మందసము రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు గల పెట్టె. మూరను సుమారు 45 సెంటీమీటర్లుగా లెక్కిస్తే పొడవు మీటరుకు కొంచెం ఎక్కువ. లోపల ఆజ్ఞలు వ్రాసిన రాతి పలకలు ఉన్నాయి. దానిపైన మూతగా మేలిమి బంగారపు కరుణాపీఠము, దాని రెండు చివరలా రెక్కలు చాచి పీఠం వైపు ముఖాలు వంచిన కెరూబులు ఉన్నాయి. ‘అక్కడ నేను నిన్ను కలుసుకొంటాను’ అని దేవుడు మోషేకు చెప్పిన చోటు ఆ కెరూబుల మధ్యనే. అంటే కింద ప్రజలు మీరిన ధర్మశాస్త్రం, పైన దేవుని సన్నిధి, రెండింటి మధ్య ఆ మూత. ప్రాయశ్చిత్తార్థ దినమున ఏమి జరిగేదో లేవీయకాండము 16 చెబుతుంది: ప్రధాన యాజకుడు తాను చావకుండునట్లు మొదట ధూపపు పొగతో ఆ పీఠాన్ని కమ్మించి, తన నిమిత్తమూ తన ఇంటివారి నిమిత్తమూ కోడె రక్తాన్ని, తరువాత ప్రజల నిమిత్తం మేక రక్తాన్ని దానిపైన, దాని ఎదుట ప్రోక్షించేవాడు. ఆ సంవత్సరమంతటి అపవిత్రతకు ప్రాయశ్చిత్తం జరిగే చోటు అదే.

క్రీస్తు సూచన గుడారములో అన్నిటికంటే గట్టిగా నిలిచేది ఇక్కడే. రోమీయులకు 3:25లో పౌలు క్రీస్తును గూర్చి ఉపయోగించిన గ్రీకు పదం, పాత నిబంధన గ్రీకు అనువాదం కరుణాపీఠానికి వాడిన పదమే. మన తెలుగు బైబిలులో అది ‘కరుణాధారము’ అయింది. పౌలు వాక్యంలో ఇంకొక మాట నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది: దేవుడు ఆయనను ‘బయలుపరచెను’ అంటాడు. సంవత్సరానికి ఒక్క దినం, ఒక్క మనిషి, అదీ పొగ చాటున మాత్రమే సమీపించగలిగిన ఆ చోటు, క్రీస్తు సిలువలో యెరూషలేము వెలుపల దారిన పోయేవారందరి కళ్లెదుట నిలిచిందని ఆ మాటకు అర్థం. హెబ్రీ పత్రిక 9వ అధ్యాయమంతా ఇదే దినాన్ని ఆధారం చేసుకుని, యాజకుడు ఏటేటా ఇతరుల రక్తంతో వెళ్తే క్రీస్తు తన స్వరక్తంతో ఒక్కసారే ప్రవేశించాడని వాదిస్తుంది. కాబట్టి పిల్లలకు మీరు ఒక్క ఉపకరణాన్నే వివరంగా చెప్పదలిస్తే, లేవీయకాండము 16ను పక్కన పెట్టుకుని దీనినే చెప్పండి.

మందసములోని వస్తువులను గూర్చి ఒక జాగ్రత్త చెప్పాలి. హెబ్రీ 9:4 పలకలతో పాటు మన్నా పాత్రనూ అహరోను చిగిర్చిన కర్రనూ చెబుతుంది; సొలొమోను కాలానికి మందసములో రెండు రాతి పలకలు తప్ప మరేమీ లేవని 1 రాజులు 8:9 చెబుతుంది. ఎండిన కర్ర చిగిర్చింది కాబట్టి అది పునరుత్థానానికి గుర్తు అన్న బోధ మీరు విని ఉంటారు. సంఖ్యాకాండము 17 చదివితే ఆ కర్ర చేసిన పని వేరు: యాజకత్వం ఎవరిది అన్న తగవును తీర్చడానికి, తిరుగుబాటు చేసినవారికి గుర్తుగా దానిని అక్కడ ఉంచారు. కాబట్టి దాని నుండి క్రీస్తు దగ్గరికి వెళ్లే నేరుదారి హెబ్రీ 5:4–5, అంటే ఎవడూ ఈ ఘనత తనకు తానే తీసుకోడు, అహరోను వలె దేవునిచేత పిలువబడాలి అన్న మాట. అదే పత్రిక 7:16లో ఆయన నశించని జీవపు శక్తిని బట్టి యాజకుడయ్యాడని చెబుతుంది కాబట్టి పునరుత్థానం కూడా చివరకు ఈ దారిలోనే వస్తుంది. అయితే కర్ర చిగిర్చిన వైనం నుండి అక్కడికి ఒక్క గంతులో వెళ్లకుండా, యాజకత్వం మీదుగా నడిచి వెళ్లాలి.

అడ్డతెర విషయంలో లేఖనమే నోరు తెరిచి చెప్పింది. యేసు మరణించినప్పుడు దేవాలయపు తెర పైనుండి క్రింది వరకు చినిగిందని మత్తయి, మార్కు వ్రాశారు, లూకా నడిమికి చినిగిందన్నాడు; హెబ్రీ 10:20 ఆ తెరను ఆయన శరీరంతో పోల్చింది. తెర మీద కెరూబులను నేయాలన్న ఆజ్ఞ నిర్గమకాండము 26:31లో ఉన్నది. ఏదెను తోటకు తూర్పున జీవవృక్షపు మార్గాన్ని కాచిన కెరూబులను గుర్తు చేసుకుంటే, గుడారపు ద్వారం కూడా తూర్పు వైపే ఉన్నదని గమనిస్తే, ఆ తెర దగ్గర నిలిచిన యాజకునికి దాని మీది బొమ్మ ఏమి చెబుతున్నదో ఊహించడం కష్టం కాదు. ఇది లేఖనం నేరుగా కలిపి చెప్పిన మాట కాకపోయినా, లేఖనపు చిత్రాల నుండే వచ్చినది కాబట్టి నేను దీనిని ధైర్యంగా బోధిస్తాను. అయితే తెర చినిగినప్పుడు మందసము అందరికీ కనబడిందని కొందరు ప్రసంగాల్లో చెబుతారు, అది సరికాదు. హేరోదు కాలపు దేవాలయంలో మందసము లేదు. ఆ లోపలి గదిలో ఏమీ ఉండేది కాదని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ వ్రాశాడు.

ఆవరణలోని దహనబలిపీఠము గూర్చి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని భావం మీ పిల్లలకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఐదు మూరల చదరం, మూడు మూరల ఎత్తు. దాని మీది అగ్ని ఆరిపోకూడదు. ఉదయం ఒక గొఱ్ఱెపిల్ల, సాయంకాలం ఒక గొఱ్ఱెపిల్ల ప్రతిదినమూ అర్పించాలి. లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల అన్న యోహాను 1:29కి ఈ నిత్యబలి, పస్కా, యెషయా 53 అన్నీ నేపథ్యమే. ఇత్తడి అంటే తీర్పు అని చెప్పేవారు ఉన్నారు. నిత్యం మంట ఉండే చోట మోషే ఇత్తడి రేకు తాపించడానికి ఆ మంటే చాలినంత కారణం.

యాజకులు కడుక్కునే నీళ్ల పాత్ర అయిన గంగాళానికి కొలతలు కూడా చెప్పలేదు. ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర సేవించే స్త్రీల అద్దాలతో దానిని చేశారని మాత్రం నిర్గమకాండము 38:8 చెబుతుంది. ఇక్కడ పనిని గమనించండి. యాజకుడు ప్రతిష్ఠించబడే దినమున అతని దేహమంతటినీ ఒక్కసారి స్నానం చేయించేవారు (29:4). ఆ తరువాత సేవకు వెళ్లిన ప్రతిసారీ చేతులూ కాళ్లూ మాత్రం కడుక్కునేవాడు (30:19–21). యోహాను 13:10లో స్నానము చేసినవాడు పాదాలు తప్ప మరేమీ కడుగుకొన నక్కరలేదు అని యేసు పేతురుతో చెప్పిన మాటను ఈ రెండు కడుగుడులతో కలిపి చదివితే ఎంత చక్కగా అమరుతుందో చూడండి. యోహాను గంగాళాన్ని పేరు పెట్టి చెప్పలేదు కాబట్టి దీనిని నేను రుజువు అనను, కానీ హెబ్రీ 10:22 దేవుని దగ్గరకు రావడాన్ని శుద్ధమైన ఉదకముతో కడుగబడిన శరీరంతో ముడిపెట్టింది కాబట్టి ఇది వట్టి ఊహ మాత్రం కాదు.

సన్నిధి రొట్టెల బల్ల, దీపవృక్షము, ఈ రెండింటి దగ్గరే మన బోధ ఎక్కువగా తొందరపడుతుంది. రొట్టె అనగానే ‘నేను జీవాహారమును’, దీపం అనగానే ‘నేను లోకమునకు వెలుగును’ అని వెంటనే జత చేస్తాము. యోహాను 6ను నెమ్మదిగా చదివితే యేసు అక్కడ మాట్లాడినది అరణ్యంలో కురిసిన మన్నాను గూర్చి. సన్నిధి రొట్టెలను ఆయన ప్రస్తావించినది వేరే చోట, మత్తయి 12లో, ఆకలిగొన్న దావీదు వాటిని తిన్న సంగతిని చెప్పి విశ్రాంతిదినపు వివాదానికి జవాబిచ్చినప్పుడు. లేవీయకాండము 24 ప్రకారం పన్నెండు రొట్టెలను వరుసకు ఆరు చొప్పున రెండు వరుసలుగా పేర్చి, ప్రతి విశ్రాంతిదినమున మార్చేవారు. తీసిన వాటిని యాజకులు పరిశుద్ధ స్థలములో తినేవారు. ఇది ఇశ్రాయేలీయులతో నిత్య నిబంధన అని 24:8 చెబుతుంది. పన్నెండు గోత్రాలు దేవుని ఎదుట ఎడతెగక ఉండడం, ఆయన బల్ల దగ్గర ఆయన సేవకులు భుజించడం ఆ బల్ల చేసిన పని. క్రైస్తవుడు ఇక్కడి నుండి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడం నాకు సమ్మతమే. ఆ దారిలో జనమంతా దేవుని ఎదుట ఉన్నదన్న భావాన్ని మాత్రం పోగొట్టుకోకూడదు.

దీపవృక్షము ఒక తలాంతు మేలిమి బంగారంతో నకిషి పనిగా చేసినది; ఆరు కొమ్మలు, బాదం పువ్వుల ఆకారపు కలశాలు, ఏడు దీపాలు. పరిశుద్ధ స్థలములో అది దక్షిణాన, బల్ల ఉత్తరాన ఎదురెదురుగా ఉండేవి. దీపాలు తమ ఎదుటి వైపు వెలుగివ్వాలని 25:37 ఆజ్ఞ. ‘లోకమునకు వెలుగు’ అన్న మాటను యేసు దేవాలయంలో కానుకపెట్టె ఉన్న చోట పలికాడని యోహాను 8:20 చెబుతుంది. పర్ణశాలల పండుగలో స్త్రీల ఆవరణలో పెద్ద దీపస్తంభాలు వెలిగించేవారని యూదుల పారంపర్య నియమాల సంకలనమైన మిష్నా వివరిస్తుంది కాబట్టి ఆ మాటకు దగ్గరి నేపథ్యం ఆ పండుగ దీపాలే. దీపస్తంభాన్ని సూటిగా వివరించిన కొత్త నిబంధన వచనం ప్రకటన 1:20. అక్కడ ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలు. మరి క్రీస్తు ఎక్కడ ఉన్నాడు? వాటి మధ్య, పాదాల వరకు దిగే వస్త్రం ధరించి నడుస్తున్నాడు. ఉదయం సాయంకాలం దీపాలను చక్కపరచడం అహరోను పని అని నిర్గమకాండము 30:7–8 చెప్పినది గుర్తుంటే, యోహాను చూసినది ఏమిటో తెలుస్తుంది: ఆయన దీపాలను చూసుకునే యాజకుడు. మారుమనస్సు పొందకపోతే నీ దీపస్తంభమును దాని చోటనుండి తీసివేతునని ఎఫెసు సంఘానికి చెప్పగలిగిన అధికారం ఆయనకు ఆ స్థానం వల్లనే ఉన్నది. పని వెంట వెళ్తే దొరికే అర్థం, పోలిక వెంట వెళ్తే దొరికే అర్థం కంటే ఎంత లోతుగా ఉంటుందో చూపడానికి నేను తరచుగా ఈ ఉదాహరణే ఎంచుకుంటాను.

ఇక మీ రెండవ ప్రశ్న. తుమ్మ సీనాయి ప్రాంతంలో పెరిగే చెట్టు. అక్కడ పెద్ద కర్ర కావాలంటే దొరికేది అదే. కర్రపై బంగారు రేకు తాపడం ఐగుప్తు పనివారికి బాగా తెలిసిన విద్య. 1922లో బయటపడిన టూటన్‌ఖామున్ సమాధిలో అలాంటి బంగారు పూత పెట్టెలు ఉన్నాయి, వాటిలో మోతకర్రలు అమర్చినది కూడా ఉన్నది. అన్నిటినీ గట్టి బంగారంతో చేస్తే అరణ్యంలో వాటిని మోసే లేవీ వంశశాఖ అయిన కహాతీయులు భుజాల మీద మోయలేరు. పైగా కర్ర, బంగారం కలిసినంత మాత్రాన రెండు స్వభావాలకు గుర్తు అయితే, గుడారపు 48 పలకలు కూడా బంగారు రేకు తాపిన తుమ్మకర్రే, వాటికి ఏ అర్థం చెబుతాము? కర్ర ఏమాత్రం లేని కరుణాపీఠానికి మానవత్వం లేదనాలా? క్రీస్తు నిజమైన దేవుడు, నిజమైన మనుష్యుడు అన్న సత్యానికి యోహాను 1, ఫిలిప్పీయులకు 2 వంటి గట్టి పునాదులు ఉన్నాయి. దానిని తుమ్మకర్ర మీద నిలబెట్టవలసిన అవసరం లేదు. పిల్లలకు చెప్పకపోవడమే మంచిదని నా సలహా.

వెండి సంగతి వేరు, ఎందుకంటే అక్కడ వెండి ఎలా వచ్చిందో గ్రంథమే చెప్పింది. లెక్కింపబడిన 6,03,550 మంది పురుషులలో ఒక్కొక్కరు ప్రాణ పరిక్రయ ధనంగా అరతులం ఇచ్చారు. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. ఆ వెండిలో 100 తలాంతులతో, పలకలూ తెర స్తంభాలూ నిలిచే 100 దిమ్మలు పోతపోశారు. అంటే మందిరమంతా ప్రజల విమోచన ధనం మీద నిలిచింది. పేతురు తన మొదటి పత్రిక 1:18–19లో వెండి బంగారముల వంటి క్షయ వస్తువులచేత కాక అమూల్యమైన రక్తముచేత విమోచింపబడితిరి అన్నప్పుడు, యూదు పాఠకుడికి ఈ అరతులం గుర్తుకు రాకుండా ఉంటుందా?

వస్తువులకు గుప్తార్థాలు చెప్పే అలవాటు సంఘంతో మొదలు కాలేదని కూడా మీరు తెలుసుకోవాలి. జోసీఫస్ ఏడు దీపాలను ఏడు గ్రహాలుగా, పన్నెండు రొట్టెలను పన్నెండు నెలలుగా, తెరలోని నాలుగు నూళ్లను నాలుగు మూలభూతాలుగా (భూమి, నీరు, గాలి, నిప్పు) వివరించాడు. అలెగ్జాండ్రియాకు చెందిన యూదు తత్వవేత్త ఫిలో కూడా ఇంచుమించు అదే బాటలో నడిచాడు. ఆ వివరణలలో మందిరం విశ్వానికి నమూనా. ఇంత తేలికగా గ్రహాలూ నెలలూ అమరిపోయాయంటే, ఒక పోలిక అమరినంత మాత్రాన అది ఉద్దేశించిన అర్థమని చెప్పలేమని గ్రహించాలి. బలిపీఠం నుండి మందసం వరకు గీత గీసి, బల్లనూ దీపవృక్షాన్నీ అడ్డంగా కలిపితే సిలువ ఆకారం వస్తుందన్న చార్టులు మన సంఘాల్లో విరివిగా కనిపిస్తాయి. బల్ల ఉత్తరాన, దీపవృక్షము దక్షిణాన ఉన్న మాట నిజమే. ఆ గీత గీసినది మాత్రం మనమే.

చివరిగా ధూపవేదిక. ధూపం చేసే పనిని కీర్తన 141:2 ప్రార్థనతో పోల్చింది. యాజకుడైన జెకర్యా ధూపం వేసే వేళ ప్రజలంతా వెలుపల ప్రార్థిస్తున్నారని లూకా 1:10 చెబుతుంది. ప్రకటన 8:3–4లో పరిశుద్ధుల ప్రార్థనలతో ధూపపు పొగ కలిసి దేవుని సన్నిధికి లేస్తుంది. క్రీస్తు విజ్ఞాపనను గూర్చిన బోధను హెబ్రీ 7:25 నుండి తెచ్చి ఇక్కడ చేర్చవచ్చు, అయితే మొదట ఇది ప్రజల ప్రార్థన లేచే చోటు.

ఇప్పుడు హెబ్రీ 9:4. కొందరు అక్కడ చెప్పిన బంగారు వస్తువును ప్రాయశ్చిత్త దినమున ప్రధాన యాజకుడు తెరలోపలికి తీసుకువెళ్లిన ధూపార్తి అంటారు. మన తెలుగు బైబిలు ఆ పక్షానే ఉన్నది. అక్కడి పదం వేదికకు కూడా వర్తిస్తుంది కాబట్టి, ధూపవేదికే అని మరికొందరు అంటారు. నేను రెండవ పక్షం వైపు మొగ్గుతాను. వేదిక తెరకు వెలుపలే నిలిచింది, సందేహం లేదు. నిర్గమకాండము 30:6 దానిని కరుణాపీఠాన్ని లెక్కలోకి తీసుకుని తెర ఎదుట ఉంచమన్నది, సొలొమోను మందిరంలో అది గర్భాలయానికి చెందినదన్నట్టుగా 1 రాజులు 6:22 చెబుతుంది. దాని పొగ తెరను దాటి లోపలి సన్నిధిని ఉద్దేశించి లేచేది. దాని కొమ్ములకు సంవత్సరానికి ఒకసారి ప్రాయశ్చిత్త రక్తం పూసేవారు. ఆ దినాన్నే మనసులో పెట్టుకుని వ్రాస్తున్న రచయిత, వేదిక నిలిచిన చోటును పక్కనపెట్టి, అది ఏ గదికి సేవ చేసిందో ఆ గదితో కలిపి చెప్పాడని నేను అనుకుంటాను. మీ తరగతిలో గుడారపు నమూనా చేయిస్తున్నట్లయితే ధూపవేదికను తెరకు ఇవతలే పెట్టించండి, తెరకు ఆనుకునేటంత దగ్గరగా.